ఎడమచేతి తీర్థం

డాక్టర్ రాజారత్నం నర్సింగ్ హోం బోర్డు మీద ఎవరో పేడ కొట్టారు. ఎండిన పేడ మీద మళ్ళీ పచ్చిపేడ కొట్టారు కాబట్టి ఇది ఒక్కరోజు కోపం కాదు. "తలగాయాలకు ప్రత్యేక శస్త్రచికిత్స" అని రాసిన చోట "తల" ఒక్కటే పైకి కనిపిస్తోంది. వారం కిందటి వరకూ ఇదే తెనాలి జనం ఈ గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు జోడించి మరీ లోపలికి వెళ్ళేవాళ్ళు.

డిటెక్టివ్ శివరామయ్య జేబులోంచి లవంగం తీసి బుగ్గన పెట్టుకున్నాడు. పోలీసు ఉద్యోగం వదిలేసి, బాపట్లలో సొంతంగా కేసులు చూసుకోవడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. ఎన్ని శవాలు చూసినా, రోత కంటపడితే కడుపులో దేవడం మాత్రం మానలేదు. దాన్ని అణచడానికి లవంగం తప్ప అతనికి ఇంకో మందు దొరకలేదు.

"బర్నబాస్ ఇంకా రాలేదండి," అంది నర్సు కృపమ్మ గుమ్మంలోకి వచ్చి. అతన్ని బాపట్ల నుంచి రప్పించింది ఆమే. డాక్టరు లాకప్‌లో ఉన్నా ఆమె రోజూ తెల్లచీర కట్టుకుని వస్తోంది. ఖాళీ మంచాల దుప్పట్లు మారుస్తోంది. "తెల్లారేసరికి సైకిలేసుకుని వస్తానన్నాడు. దగ్గరేనండి వాళ్ళ అత్తగారి ఊరు. ఇంతసేపు పట్టదు."

బర్నబాస్, ఈ డాక్టరు ఆపరేషన్ చేస్తుండగా చనిపోయిన రేపల్లె మిల్లు యజమాని కారు డ్రైవరు. "ఆ రోజు కార్లో జరిగిందొకటి చెప్పాలి" అని నిన్న కబురు పెట్టాడు. వస్తానన్న సాక్షి రాకపోతే శివరామయ్యకి మొదటినుంచీ నచ్చదు. వస్తే కూర్చోబెట్టమని చెప్పి, పోలీస్ స్టేషన్ వైపు నడిచాడు.

స్టేషన్ ముందు నల్ల అంబాసడర్ ఆగి ఉంది. దాని ఎడమ దీపం అద్దం పగిలిపోయింది. పగిలిన అంచుల మీద దుమ్మింకా పట్టలేదు. శివరామయ్య దాన్ని ఒకసారి చూసి లోపలికి వెళ్ళాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బసవేశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలి, ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటున్నాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే స్టేషన్లో పనిచేసినవాళ్ళే. ఆ రోజుల్లోనూ వీళ్ళకి పడేది కాదు.

"వచ్చావా? నీ కోసమే ఎదురుచూస్తున్నా," అన్నాడు బసవేశ్వరరావు. "మధ్యాహ్నం బండికి నీ డాక్టర్ని గుంటూరు కోర్టుకి తీసుకెళ్తున్నా. ఈలోగా మాట్లాడుకుంటావో, కలిసి ప్రార్థనే చేసుకుంటావో నీ ఇష్టం."

"కాఫీ ఎవరిది?"

"శేషగిరిరావు గారు తెచ్చారు. నీకేమైనా అభ్యంతరమా?"

పక్క బల్ల మీద కూర్చున్నాయన లేచి నమస్కారం పెట్టాడు. మాసిన గడ్డం, ఒంటి మీద పంచె, భుజాన తువ్వాలు. చనిపోయిన మిల్లు యజమాని వెంకటకృష్ణయ్యకి ఈయన తోడబుట్టిన తమ్ముడు. అన్నకి పిల్లల్లేరు కనుక కర్మ ఈయనే చేస్తున్నాడు.

"డాక్టరు గారి మీద నాకేం కోపం లేదండి," అన్నాడు శేషగిరిరావు. గొంతు మెత్తగా, తడిగా ఉంది. "పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. మా అన్నయ్య రాత అలా ఉంది. ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దనే ఇన్‌స్పెక్టరు గారితో చెబుతున్నానండి."

"కర్మ పట్టినవాళ్ళు ఊరి పొలిమేర దాటకూడదంటారే?"

"మా అమ్మ కూడా అదే అందండి. కానీ మనసు ఆగాలి కదా!"

ఆ మాటకి బసవేశ్వరరావు జాలిగా తలాడించాడు. శివరామయ్యకి మాత్రం ఒళ్ళు చీదరగా అనిపించింది. దుఃఖపడేవాణ్ణి చూస్తే తనకెందుకు చీదర కలుగుతోందో అతనికే అర్థం కాలేదు. ఫ్లాస్కుతో కాఫీ తెచ్చే దుఃఖం అతను ఇదివరకు చూడలేదు, అంతే.

లాకప్‌లో డాక్టర్ రాజారత్నం గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మద్రాసులో తల ఆపరేషన్లు నేర్చుకుని, అక్కడ ఇస్తానన్న ఉద్యోగం కాదని సొంత జిల్లాకి వచ్చిన మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. నాలుగు రోజులుగా తల దువ్వుకున్నట్టు లేదు. మూలనున్న బకెట్లోంచి వస్తున్న కంపుకి శివరామయ్య రెండో లవంగం తీశాడు.

"తప్పు నాదేనేమో శివరామయ్య గారూ," అన్నాడు రాజారత్నం. "కళ్ళు మూసుకుంటే ఆ పుర్రే కనిపిస్తోంది. కుడివైపు బెజ్జం వేశాను. ఒక్క చుక్క రక్తం రాలేదు. వెంటనే ఎడంవైపు తిరిగాను. చర్మం కోస్తుండగానే ఊపిరి ఆగిపోయింది. రక్తం గడ్డ ఎడంవైపే ఉందని తర్వాత పోస్టుమార్టంలో తేలింది."

"కుడివైపని ఎలా అనుకున్నారు? మెల్లగా, నాలాంటివాడికి అర్థమయ్యేట్టు చెప్పండి."

రాజారత్నం తన అరచేతిని తల మీద పెట్టుకున్నాడు. "ఇది పుర్రె. కింద మెదడు, దాని మీద పొర. దెబ్బ తగిలి లోపల రక్తనాళం చిట్లితే ఎముకకీ పొరకీ మధ్య రక్తం ఊరుతుంది. మనిషికి వెంటనే ఏమీ కాదు. లేస్తాడు, తిరుగుతాడు, కబుర్లు చెబుతాడు. ఇంట్లోవాళ్ళు గండం గడిచిందనుకుంటారు. కొన్ని గంటలకి మత్తు కమ్ముతుంది. వెనకటి రోజుల్లో ఇక అంతే. ఇప్పుడలా కాదు. సకాలంలో బెజ్జం వేసి ఆ రక్తం తోడేస్తే, చనిపోతాడనుకున్నవాడు మర్నాడు కాఫీ అడుగుతాడు. నేను కళ్ళారా చూశాను."

"ఎటువైపు వేయాలో ఎలా తెలుస్తుంది?"

"మద్రాసులో అయితే మెడ దగ్గర రక్తనాళంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీస్తాం. ఎటు నొక్కుకుపోయిందో బొమ్మలో తెలుస్తుంది. ఇక్కడ నా దగ్గరున్నది టార్చిలైటు. రక్తం ఎటు ఊరితే అటు కంటిపాప పెద్దదవుతుంది. లైటు వేసినా ముడుచుకోదు. రెండోవైపు చెయ్యి, కాలు పడిపోతాయి. ఎడమ మెదడు కుడిచేతిని ఆడిస్తుంది, కుడి మెదడు ఎడంచేతిని. వెంకటకృష్ణయ్య గారిని తెచ్చేసరికి ఏ చెయ్యీ కదలడం లేదు. దెబ్బ నడినెత్తిన ఉంది. మిగిలింది కన్ను. కుడికన్ను పాప విచ్చుకుపోయి ఉంది, ఎడంది మామూలుగా ఉంది. కన్నుని నమ్మాను. ఇంకో గంట ఆగి ఆలోచించే వీల్లేదు."

"రెండు కళ్ళూ విచ్చుకుని ఉంటే?"

"అప్పుడు మాలాంటివాళ్ళం కూడా కత్తి పట్టం. చెయ్యి దాటిపోయినట్టే."

"ఈ సంగతులు డాక్టర్లకి తప్ప ఎవరికైనా తెలుసా?"

రాజారత్నం విరక్తిగా నవ్వాడు. "నేనే ఊరూరా తిరిగి చెప్పాను కదండీ! తలకి దెబ్బ తగిలితే ఇంట్లో పడుకోబెట్టకండి, కళ్ళు చూడండి, వెంటనే తీసుకురండి అని. రెండు నెలల కిందట రేపల్లెలో ఉచిత కంటి శిబిరం ముగింపు సభలో కూడా గంటసేపు మాట్లాడాను. సభకి అధ్యక్షుడు శేషగిరిరావు గారే. ఎంత శ్రద్ధగా విన్నారో! ఆఖర్న నాకు దండ వేసి, నేను చెప్పిందంతా మళ్ళీ జనానికి అప్పజెప్పారు."

బయట నుంచి బసవేశ్వరరావు లాఠీతో ఊచల మీద కొట్టాడు. "మెడికల్ కాలేజీ అయిందా?"

శివరామయ్య బయటికి వస్తూ అన్నాడు: "రేపల్లె వెళ్ళొస్తా. నేను వచ్చేదాకా ఈయన్ని కదపకు."

"నువ్వు చెప్తే కదపకుండా ఉండడానికి నేను నీ కింద పనిచేయడం లేదు. కుడీ ఎడమా తెలియని డాక్టరుకి అంత వకాల్తా ఎందుకయ్యా? జనమంతా ఛీ అంటున్నారు."

"జనం పేడ కొడుతున్నారు, నువ్వు కాఫీ తాగుతున్నావు. తేడా అంతే."

బసవేశ్వరరావు ముఖం ఎర్రబడింది. అతను జవాబు వెతుక్కునేలోగా శివరామయ్య స్టేషన్ మెట్లు దిగేశాడు.

* * *

రేపల్లె పాసింజరు దారిలో ప్రతి స్టేషన్లోనూ తీరిగ్గా నిలబడింది. బండి దిగి మిల్లుకి వెళ్ళేసరికి పొద్దు బాగా ఎక్కింది. మిల్లులో చూడడానికి పెద్దగా ఏమీ లేదు. పేర్చిన బస్తాల అట్టి వెంకటకృష్ణయ్య మీద కూలిన చోట ధాన్యం ఇంకా చెల్లాచెదురుగానే ఉంది. అడుగునున్న బస్తాలు ఎలకలు కొరికి చిరిగాయి. అట్టి దానంతటదే ఒరిగింది. ఆ పొద్దున అక్కడున్న కూలీలందరి మాటా ఒక్కటే. దగ్గర్లో ఎవరూ లేరు, ఎవరూ తోయలేదు, అయ్యగారు దుమ్ము దులుపుకుని తనంతట తనే లేచి ఇంటికి నడిచి వెళ్ళారు.

అంటే దెబ్బలో కుట్ర లేదు. శివరామయ్యకి నిరాశ కలిగింది. ఇక మిగిలింది ఇల్లు.

తల్లి దుర్గాంబ వసారాలో చాప మీద కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. పరాయివాడు వచ్చాడని కొంగు సర్దుకుంది.

"కూర్చో బాబూ. మా చిన్నాడు లేడు. పాపం, అన్న కోసం పోలీసుల చుట్టూ తిరుగుతున్నాడు. కర్మ పట్టినవాడివి, పొలిమేర దాటకురా అంటే వినడు."

"మిమ్మల్నే చూడ్డానికి వచ్చానమ్మా. ఆ రోజు పెద్దబ్బాయి గారు మిల్లు నుంచి వచ్చాక ఏం జరిగిందో చెబుతారా?"

"ఏం జరిగింది బాబూ, బాగానే ఉన్నాడు. తల నొప్పిగా ఉందన్నాడు. కాసిని మజ్జిగ తాగాడు. మా అమ్మాయి తులసి కొడుకుని దత్తత తీసుకోవాలనుకున్నాడు గదా, ఆ ముహూర్తం గురించే కాసేపు మాట్లాడాడు. డాక్టరు దగ్గరికి వెళ్దాం పదరా అన్నాను. చిన్నాడే, ఇంత చిన్న దెబ్బకి డాక్టరెందుకమ్మా, పడుకుంటే తగ్గుతుందన్నాడు."

తలకి దెబ్బ తగిలితే పడుకోబెట్టవద్దని సభలో విని, దాన్ని జనానికి అప్పజెప్పినవాడు ఇంట్లో అన్నకి చెప్పింది ఇది. దత్తత జరిగితే అన్న ఆస్తి తమ్ముడికి రాదు. శివరామయ్య ముందుకి వంగాడు.

"తర్వాత?"

దుర్గాంబ అటూ ఇటూ చూసింది. కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్తావా? నేను ఎవరితోనూ అనలేదు. వాడు ఎడం చెయ్యి చాపాడు బాబూ!"

"ఎడం చెయ్యి?"

"బిడ్డకి గండం తప్పిందని దేవుడికి దీపం పెట్టి, తీర్థం పట్టుకెళ్ళాను. మంచంలో కూర్చుని ఎడం చెయ్యి చాపాడు. యాభై దాటిన మనిషి, పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ తీర్థానికి ఎడం చెయ్యి చాపి ఎరగడు. నాకు ఒళ్ళు మండింది. ఏంట్రా ఈ అప్రాచ్యపు పని, బుద్ధి లేదా అని తిట్టాను. కుడిచెయ్యి తిమ్మిరెక్కిందే అమ్మా, పట్టు రావడం లేదే అని నవ్వాడు. నవ్వుతావా అని ఆ చేతి మీద ఒక్కటి వేసి, కుడిచెయ్యి నేనే లాగి అందులో పోశాను. చెయ్యి దొన్నెలా ముడవలేకపోయాడు. నీళ్ళన్నీ వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి." ఆమె తన అరచేతిలోకి చూసుకుంది. "అందుకే పోయాడంటావా? తీర్థం నేల పాలు చేసినందుకే దేవుడికి కోపం వచ్చిందంటావా?"

"లేదమ్మా," అన్నాడు శివరామయ్య. "దేవుడికి దీంతో ఏ సంబంధమూ లేదు."

కుడిచెయ్యి పట్టు తప్పిందంటే రక్తం ఊరుతున్నది ఎడంవైపు. అప్పుడు విచ్చుకోవలసింది ఎడంకన్ను. మరి డాక్టరు చూసేసరికి కుడికన్ను ఎలా విచ్చుకుంది?

"ఈ సంగతి చిన్నబ్బాయి గారికి తెలుసా?"

"పక్కనే ఉన్నాడుగా! పోనీలేమ్మా, అన్నయ్య చెయ్యి నిజంగానే లాగుతున్నట్టుంది అన్నాడు. ఆ చెయ్యి పట్టుకుని వేళ్ళు నొక్కి నొక్కి చూశాడు కూడాను. వాడికెంత ప్రేమో!"

శివరామయ్య బుగ్గనున్న లవంగం కారం పోయి పుల్లలా అయింది. "తెనాలి బయల్దేరింది ఎప్పుడమ్మా?"

"మధ్యాహ్నం వాంతి చేసుకుని మగత పడ్డాక. నేనే ఏడ్చి గోల చేస్తే కారు తీయించాడు. వాడి తల నా ఒళ్ళో దిండు మీద పెట్టుకున్నాను. చిన్నాడు ముందు సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటాక బర్నబాసుని కారు ఆపమని, వెనక్కి తిరిగి అన్న కంట్లో ఆముదం వేశాడు."

"ఆముదమా?"

"చలవ కదు బాబూ! వేడి తలకెక్కితే మాడుకి పెడతాం, కంట్లో ఓ చుక్క వేస్తాం. తల పగిలింది కాబట్టి మాడుకి వద్దమ్మా, కంట్లో చాలు అన్నాడు."

"రెండు కళ్ళలోనూ వేశారా?"

"లేదు, కుడికంట్లోనే. రెండో కంట్లో కూడా వెయ్యరా అంటే, ఇదే ఎర్రబడిందమ్మా, దీనికి చాలు అన్నాడు."

"దేంతో వేశారు? దూది వత్తితోనా?"

"మేమైతే దూదితోనే వేస్తాం. వాడు రబ్బరు బుడ్డి ఉన్న గాజుగొట్టంతో వేశాడు. కంటి శిబిరం పెట్టించింది వాడేగా, మిగిలిన మందులూ గొట్టాలూ మా అటక మీదే ఉన్నాయి. నాకూ ఆ శిబిరంలో ఏదో చుక్క వేశారు. నాలుగు రోజులు వెలుగు చూడలేకపోయాను. అద్దంలో చూసుకుంటే గుడ్డంతా నలుపే."

పాప విచ్చుకునేలా చేసే ఆ చుక్కే అన్న కుడికంట్లో పడింది, ఆముదం కాదు. ఈ ముసలావిడ మాటల్లో ఎక్కడా అనుమానం లేదు. చిన్నకొడుకు సేవ చేశాడనే చెబుతోంది. ఊళ్ళో అందరూ అలాగే చెప్పుకుని ఉంటారు. అందరి కళ్ళముందూ చేసిన పని కాబట్టి, దాన్ని ఎవరూ పోలీసులకి చెప్పాల్సిన సంగతి అనుకోలేదు.

"ఆ దిండు ఎక్కడుందమ్మా?"

"కారు షెడ్డులో మూల పడేశారు. చాకలికి చెందాల్సిన మైల బట్టలు, ఎల్లుండి పెద్దరోజున పట్టుకెళ్తుంది. ఎవరం ముట్టుకోకూడదు. నువ్వెందుకు బాబూ?"

షెడ్డు ఖాళీగా ఉంది. మూలలో చాప, దుప్పటి, వాటి కింద దిండు. శేషగిరిరావు అటక మీది మందు బుడ్డి మాయం చేసి ఉంటాడు. దీన్ని మాత్రం వదిలేశాడు. మైల మూట జోలికి ఎవరూ రారన్న ధీమా కాబోలు. శివరామయ్య చేతిరుమాలు వేళ్ళకి చుట్టుకుని దిండుని వెలుగులోకి లాగాడు. ఈగలు ముసిరాయి. గలీబు కొత్తది, పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు మడతల గుర్తులు ఉన్నాయి. నడుమ నెత్తురు మరక గోధుమరంగుకి తిరిగి అట్టకట్టింది. కుడి కణత ఆనే చోట చిన్న నీటి చార తప్ప ఏమీ లేదు.

ఆముదం మరక రెండు ఉతుకులకి కూడా పోదు. వారం తర్వాత మక్కిన వాసన వేస్తుంది. తేల్చుకోవడానికి ఒక్కటే దారి. శివరామయ్య ఊపిరి బిగబట్టి, ఆ దిండు దగ్గరగా ముఖం పెట్టి వాసన చూశాడు. నెత్తురు, చెమట, వాంతి. ఆముదం జాడ లేదు.

షెడ్డు వెనక్కి వెళ్ళి కక్కుకున్నాడు. కడుపు ఖాళీ అయినా రోత తగ్గలేదు. ఆ రోత దిండుది కాదు. ఒక డాక్టరు ప్రాణాలు కాపాడే కిటుకు పదిమందికీ పంచితే, ఒకడు ముందు వరసలో కూర్చుని విని, దండేసి, దాన్నే కత్తిగా దాచుకున్నాడు. అన్న తిరుగుతూ కబుర్లు చెబుతున్న ఆ కొన్ని గంటలూ పక్కనే కూర్చుని, ఏ చెయ్యి పడిపోతుందో కనిపెట్టి చూశాడు.

దిండుని గోనెసంచిలో కట్టుకుని వస్తుంటే దుర్గాంబ గుమ్మంలోకి వచ్చింది. "తెనాల్లో మా చిన్నాడు కనబడితే భోజనానికి తొందరగా రమ్మను బాబూ. ఒంటిపూట తింటున్నాడు, చిక్కిపోయాడు."

"చెబుతానమ్మా," అన్నాడు శివరామయ్య. ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. ఒక కొడుకుని పోగొట్టుకున్న తల్లి నోటితోనే రెండోవాడికి ఉరితాడు పేనించుకుని వెళ్తున్నాడు. డిటెక్టివ్ పని మీద అతనికి ఇంత అసహ్యం ఇదివరకెప్పుడూ వేయలేదు.

* * *

తెనాలి స్టేషన్లో బండి దిగి జట్కా ఎక్కి, పోలీస్ స్టేషన్‌కి వచ్చేసరికి రాజారత్నం చేతులకి బేడీలు వేసి వరండాలో నిలబెట్టారు. గుమ్మం బయట జనం మూగారు. ఎవడో డాక్టరు మీదికి కుళ్ళిన టమాటా విసిరాడు. అది గోడకి తగిలి కారింది.

శివరామయ్య గోనెసంచి బల్ల మీద పడేసి, ఉన్నదంతా చెప్పాడు. బసవేశ్వరరావు ముక్కు మూసుకుని విన్నాడు.

"ముసలమ్మ తీర్థం, ఆముదం లేని దిండు. ఇవా నీ సాక్ష్యాలు? కోర్టులో చెప్పు, జడ్జి గారు నవ్వుకుంటారు."

"కార్లో జరిగింది చూసినవాడు ఒకడున్నాడు. డ్రైవరు బర్నబాస్."

"వాడా?" బసవేశ్వరరావు చేతులు దులుపుకున్నాడు. "వాడి గురించి ఇక మర్చిపో. తెల్లవారుజామున కాలవ గట్టు మీద ఏదో లారీ సైకిలుని కొట్టేసి పోయిందిట. తల పగిలింది. మొదట లేచి కూర్చుని మాట్లాడాడట. వాళ్ళ చర్చివాళ్ళు ఈ డాక్టరు నర్సింగ్ హోంకే మోసుకొచ్చారు, ఈయన లాకప్‌లో ఉన్నాడని తెలిసి కూడా. ఇదిగో, గట్టు మీద దొరికిందని కానిస్టేబులు తెచ్చాడు."

బల్ల మీద కాయితంలో పగిలిన దీపం అద్దం ముక్కలున్నాయి. శివరామయ్య ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"పొద్దున నీకు కాఫీ తెచ్చిన కారు ఎడమ దీపం చూశావా, బసవేశ్వరరావూ?"

ఇన్‌స్పెక్టరు బల్ల మీదున్న ఫ్లాస్కు వంక చూసి, దాన్ని వేలితో అవతలికి నెట్టాడు. పొద్దున ఆ కారు దీపం అతనూ చూశాడు. అడగాలనిపించలేదు, అంతే.

"బర్నబాస్ ఎప్పుడు మాట్లాడాడు? ఇప్పుడెలా ఉన్నాడు?" రాజారత్నం వరండాలోంచే అరిచాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి అతని గొంతు డాక్టరు గొంతులా పలికింది. "ఇన్‌స్పెక్టరు గారూ, మీరు నన్ను ఉరి తీసుకోండి. ముందు అక్కడికి తీసుకెళ్ళండి. ఇది గంటల్లో తేలిపోయే గాయమండీ!"

బసవేశ్వరరావు టోపీ పెట్టుకున్నాడు. "జీపు తియ్యండ్రా," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

నర్సింగ్ హోం ముందు నల్ల అంబాసడర్ ఆగి ఉంది. దీపం పగిలిన వైపు గోడ పక్కకి నిలిపారు. లోపల ఒకే ఒక్క మంచం మీద మనిషి. దుప్పటి గడ్డం దాకా కప్పి ఉంది. పక్కన కృపమ్మ బైబిలు పట్టుకుని ఏడుస్తోంది.

"ఇక లేదండి డాక్టరు గారూ. టార్చి వేసి చూశాను. రెండు పాపలూ విచ్చుకుపోయాయి. రెండూ విచ్చుకుంటే ఇక చేసేదేం లేదని మీరే చెప్పారు కదండీ. ఊపిరి ఉన్నంతసేపు ప్రార్థన చేద్దామని..."

"పొద్దున తెచ్చినప్పుడు ఎలా ఉన్నాయి?" అన్నాడు శివరామయ్య.

"అప్పుడు మామూలుగానే ఉన్నాయండి. తర్వాత మత్తులో పడ్డాడు. ఈలోగా శేషగిరిరావు గారొచ్చారు. తన డ్రైవర్ని అలా చూసి ఎంతగా ఏడ్చారో! కళ్ళకి చలవని, బొడ్లోంచి బుడ్డి తీసి తనే ఆముదం చుక్కలు వేశారు. అంత పెద్దమనిషి, మన బర్నబాసుకి..."

"ఏ కంట్లో?"

"ఒక కంట్లో ఏంటండీ? రెండు కళ్ళలోనూ వేశారు."

బసవేశ్వరరావు పొద్దున తాగిన కాఫీ గొంతులోకి వచ్చినట్టు ముఖం పెట్టాడు.

రాజారత్నం బర్నబాస్ కళ్ళ వైపు చూడనే లేదు. బేడీలతోనే దుప్పటి లాగేసి, కుడిచేతి గోరు మీద పెన్సిలు పెట్టి గట్టిగా నొక్కాడు. చెయ్యి కదల్లేదు. అటువైపు తిరిగి ఎడంచేతి గోరు నొక్కాడు. వేళ్ళు ముడుచుకున్నాయి. చెయ్యి మెల్లగా వెనక్కి లాక్కుంది.

"బతికే ఉన్నాడు," అన్నాడు రాజారత్నం. అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అవి తుడుచుకునే తీరిక అతనికి లేదు. "ఎడంవైపే. కృపమ్మా, తల గొరిగించు. సామాను మరగబెట్టు. ఇన్‌స్పెక్టరు గారూ, ఈ చేతులతో నేను బెజ్జం వేయలేను."

బసవేశ్వరరావు తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాడు. బేడీలు తీసి తన చేతిలోనే ఉంచుకున్నాడు.

"శివరామయ్య గారూ, కరెంటు నమ్మకం లేదు. టార్చి పట్టుకోవడానికి మనిషి కావాలి," అన్నాడు డాక్టరు.

"వస్తున్నా. ఒక్క నిమిషం."

నర్సింగ్ హోం వెనక వరండాలో బెంచీ మీద శేషగిరిరావు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో అరిటాకు పొట్లం. ఆకు సందులోంచి బంతిపూల దండ కనిపిస్తోంది. ఊపిరి ఆడుతున్న మనిషికి ముందుగానే కొని పెట్టుకున్న దండ. శివరామయ్యని చూసి మర్యాదగా లేచి, తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

"అయిపోయిందా అండి?"

"మీ అమ్మగారు భోజనానికి తొందరగా రమ్మన్నారు," అన్నాడు శివరామయ్య. "చెబుతానని మాటిచ్చాను, చెప్పాను."

"అలాగేనండి. బర్నబాస్..."

"డాక్టరు గారు మొదలుపెడుతున్నారు. ఎడంవైపు."

శేషగిరిరావు ముఖంలో తడి ఒక్కసారిగా ఎండిపోయింది. వెనక్కి చూశాడు. వరండా అవతలి కొసన బసవేశ్వరరావు నిలబడి ఉన్నాడు. అతని చేతిలో ఇందాక డాక్టరుకి తీసిన బేడీలే ఉన్నాయి. అరిటాకు పొట్లం జారి కిందపడింది.

లోపల ఇనుప సామాను గలగలలాడింది. ఎడమ దీపం పగిలిన కారూ, ఆముదం లేని దిండూ ఎన్ని ఉన్నా, బర్నబాస్ లేచి నోరు విప్పితేనే ఇదంతా కోర్టులో నిలుస్తుంది. వాడు లేవకపోతే ఈ డాక్టరు చేతుల్లో చచ్చినవాళ్ళు ఇద్దరవుతారు. శివరామయ్య బుగ్గనున్న లవంగం ఉమ్మేసి, టార్చి పట్టుకోవడానికి లోపలికి వెళ్ళాడు.